ప్రీ-వర్కౌట్: ఒళ్లు చిమచిమలాడితే చాలా?

అపోహ: వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకుని తాగే ప్రీ-వర్కౌట్ పొడి వేసుకున్నాక ముఖం, చెవులు చిమచిమలాడితేనే సరుకు అసలైనది.

వాస్తవం: ఆ చిమచిమ పొడిలో ఉండే బీటా-అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల. చర్మంలోని నరాల చివర్లను అది తాకుతుంది. గంటలో తగ్గిపోతుంది, హానీ లేదు. కానీ కండరంలో దాని పని వేరు. రోజూ 3.2 నుంచి 6.4 గ్రాములు కనీసం నాలుగు వారాలు తీసుకుంటే కండరాల్లో ఆమ్లత పేరుకోకుండా చూసే కార్నోసిన్ పెరుగుతుంది. అప్పుడు ఒకటి నుంచి నాలుగు నిమిషాలు ఏకబిగిన సాగే శ్రమలో కాస్త ఓర్పు కనిపిస్తుంది. ఒక్క బరువైన రెప్‌కి (బరువు ఒకసారి ఎత్తడానికి) పెద్దగా ఒరిగేదేమీ లేదు. జిమ్‌కి వెళ్లిన రోజు మాత్రమే గ్రామున్నర వేసుకుంటే మిగిలేది చిమచిమే. అది పడనివాళ్లు 0.8 గ్రాముల చొప్పున విడివిడిగా తీసుకోవచ్చు.

అపోహ: కెఫీన్ ఎంత ఎక్కువైతే అంత ఊపు.

వాస్తవం: పరిశోధనల్లో పనిచేసిన మోతాదు కిలో బరువుకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు, అరగంట నుంచి గంట ముందు. మొదటిసారి 100 మిల్లీగ్రాములు చాలు. ఆరోగ్యవంతులకి రోజు మొత్తానికి పరిమితి 400 మిల్లీగ్రాములు. ఆఫీసులో తాగిన కాఫీ, టీ కూడా ఇందులోకే వస్తాయి. ఒక్క స్కూప్‌లోనే 200 నుంచి 300 ఉండే డబ్బాలు మామూలే. ఒంట్లో సగం కెఫీన్ కరగడానికి దాదాపు ఐదు గంటలు. గాజువాకలో డ్యూటీ దిగి రాత్రి ఏడింటికి 200 వేసుకుంటే, అర్ధరాత్రికీ 100 దాకా మిగిలే ఉంటుంది. నిద్ర చెడితే మర్నాటి వర్కౌట్ కూడా చెడుతుంది. బీపీ, గుండె సమస్యలున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా ముట్టొద్దు.

అపోహ: లేబుల్ మీద పేర్లు ఎన్నుంటే అంత మంచిది.

వాస్తవం: చూడాల్సింది గ్రాములు. ‘ప్రొప్రైటరీ బ్లెండ్ 5 గ్రాములు’ అని (అంటే అన్నీ కలిపిన బరువు మాత్రమే) రాసి కింద సిట్రులిన్ మాలేట్, బీటా-అలనిన్, క్రియాటిన్ పేర్లు ఇచ్చారనుకోండి. పనిచేసే మోతాదులు వరుసగా 6, 3.2, 3 గ్రాములు. కలిపితే 12 దాటుతుంది. ఐదులో పట్టదు కదా! ఏది ఎంతో విడిగా రాయని డబ్బా మేమైతే కొనమని చెప్పం. క్రియాటిన్ ఏ వేళకి వేసుకున్నా ఒకటే, రోజూ పడితే చాలు. దాన్ని విడిగా కొనుక్కోవడమే మేలు. ప్రోటీన్ సరిపడా తినేవాళ్లకి బీసీఏఏ (మూడు అమైనో ఆమ్లాల పొడి) దండగ.

అపోహ: పొడి గడ్డకడితే పాడైనట్టే.

వాస్తవం: విశాఖ గాలిలో తేమకి గడ్డకట్టడం మామూలే. చిదిమితే పొడి అయిపోతే, వాసన, రంగు మారకపోతే వాడుకోవచ్చు. బూజు వాసనొస్తే పారేయండి. చిక్కల్లా కొలతలోనే. గడ్డలున్న స్కూప్ ఒకరోజు ఎక్కువ తూగుతుంది, ఇంకోరోజు తక్కువ. 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు వాడండి. డబ్బా ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీసి తెరిచినప్పుడల్లా లోపల చెమ్మ చేరుతుంది. తడి చెంచా అసలు వద్దు.

నీళ్లు లేకుండా పొడి నోట్లో వేసుకోవడం ఉట్టి ఆర్భాటం. పొడి గొంతుకి అడ్డం పడుతుంది, శ్వాసనాళంలోకీ పోవచ్చు. ఆర్కే బీచ్‌లో ఉక్కపోతలో పరిగెత్తేవాళ్లకి ముందు కావాల్సింది నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ.

కొనేటప్పుడు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి. అది కంపెనీకిచ్చిన లైసెన్స్ మాత్రమే, డబ్బాలో సరుకుకి హామీ కాదు. పోటీల్లో ఆడేవాళ్లు డీఎంఏఏ, మిథైల్‌హెక్సేన్‌అమైన్, జెరేనియం ఎక్స్‌ట్రాక్ట్ అన్న పేర్లు కనబడితే వదిలేయండి. ఇవన్నీ డీఎంఏఏ అనే ఉత్తేజకానికి వాడే పేర్లే, పోటీ సమయంలో అది నిషిద్ధం. పరీక్షలో దొరికితే తెలియక వేసుకున్నా బాధ్యత ఆటగాడిదే.