మైలు పరుగుకు వారానికి ఎన్ని కిలోమీటర్లు? అపోహలు - వాస్తవాలు

అనంతపురం పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) గ్రౌండ్‌లో చీకటితోనే పరుగు మొదలుపెట్టే కుర్రాళ్లలో చాలామందిది ఉద్యోగం తాపత్రయం. కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులకు ఐదున్నర నిమిషాలే గడువు. మైలు అంటే 1609 మీటర్లు, దూరం దాదాపు అంతే. అయితే అక్కడ క్వాలిఫై కావడం వేరు, 1500 మీటర్లలో రాష్ట్ర స్థాయి పోటీకి నిలబడడం వేరు. కోచ్‌గా నేను రాస్తున్నది ఈ రెండోవాళ్ల కోసం.

అపోహ: ఐదు నిమిషాల్లో అయిపోయే పరుగుకు స్పీడ్ ఉంటే చాలు.

స్పీడే చాలితే 400 మీటర్లవాళ్లే మైలు కూడా గెలిచేవాళ్లు. 1500 మీటర్ల పరుగులో ఖర్చయ్యే శక్తిలో సుమారు 80 శాతం ఆక్సిజన్ సాయంతో తయారయ్యేదే. మొదటి రౌండ్ అదరగొట్టి మూడో రౌండ్‌లో చతికిలబడే పిల్లవాడికి తక్కువైంది ఆ సామర్థ్యమే. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపాలి, కండరాల్లో సన్నని రక్తనాళాలు, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. వాటికి నెలల తరబడి నిదానపు పరుగు కావాలి.

అపోహ: ఎక్కువ కిలోమీటర్లు కొట్టినవాడిదే గెలుపు.

1954లో మొదటిసారి నాలుగు నిమిషాల లోపు, 3:59.4కు మైలు పరిగెత్తిన రోజర్ బానిస్టర్ అప్పుడు వైద్య విద్యార్థి. మధ్యాహ్నం దొరికిన కాస్త ఖాళీలో ప్రాక్టీస్ చేసేవాడు. అందులో ముఖ్యమైనది పదిసార్లు కొట్టే క్వార్టర్ మైళ్లు (ఒక్కోటి దాదాపు 400 మీటర్లు). న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్నెల్ దారి వేరు. కోచ్ ఆర్థర్ లిడియార్డ్ అతనితో సీజన్ తొలి దశలో వారానికి 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. 1962లో స్నెల్ 3:54.4తో ప్రపంచ రికార్డు కొట్టాడు.

నా మొగ్గు స్నెల్ దారికే. కానీ ఆ 100 మైళ్లు అనేది ఏళ్ల తరబడి కట్టుకున్న పునాది మీద నిలిచిన అంకె. దాన్ని చూసి ఒక్క నెలలో కిలోమీటర్లు రెట్టింపు చేసిన పిల్లలకు ముందు ముంగాలి ఎముక నొప్పి వస్తుంది, అయినా ఆపకపోతే ఎముకలో సన్నటి పగులు.

నేను చెప్పే లెక్క ఇది. 14-16 ఏళ్ల పిల్లలకు వారానికి 25-40 కిలోమీటర్లు. రెండేళ్లు క్రమంగా పరిగెత్తినవాళ్లకు 50-70. రాష్ట్ర, జాతీయ స్థాయికి 80-110. వార్మప్, కూల్‌డౌన్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అపోహ: రోజూ స్టాప్‌వాచ్ పెట్టి 1600 కొడితేనే టైమింగ్ తగ్గుతుంది.

మన దగ్గర పిల్లల్ని ఎక్కువగా పాడుచేసేది ఇదే. మొదటి మూడు నాలుగు వారాలు టైమింగ్ తగ్గుతుంది, దాంతో నమ్మకం కుదురుతుంది. తర్వాత అక్కడే ఆగిపోతుంది. నిద్ర చెడుతుంది, ప్రతి పొద్దూ పరీక్షలా టెన్షన్. రోజూ పూర్తి బలంతో పరిగెత్తితే ఒళ్లు కోలుకునేది ఎప్పుడు?

60 కిలోమీటర్ల వారం ఇలా ఉండొచ్చు. సోమ, బుధవారాల్లో ఎనిమిదేసి కిలోమీటర్లు నిదానంగా. మంగళవారం పదిసార్లు 400 మీటర్లు, అన్నీ కలిపి 10 కిలోమీటర్లు. గురువారం మధ్యలో 20 నిమిషాల టెంపో (ఒకే వేగంతో కాస్త గట్టిగా సాగే పరుగు), మొత్తం 10. శుక్రవారం విశ్రాంతి. శనివారం 9, చివర్లో 100 మీటర్ల స్ట్రైడ్స్ (వేగంగా, కానీ పూర్తి బలం పెట్టకుండా కొట్టే చిన్న పరుగులు) ఆరు. ఆదివారం 15. చూడండి, గట్టిగా కొట్టేది రెండు రోజులే. 1600ను ఐదున్నరలో కొట్టేవాడు నిదానపు రోజున కిలోమీటరుకు ఐదున్నర నిమిషాలు తీసుకున్నా తప్పులేదు. పక్కవాడితో మాట్లాడుతూ పోగలగాలి, అంతే. స్ట్రైడ్స్ మానకపోతే నిదానపు పరుగు వల్ల కాళ్లు మొద్దుబారవు.

అపోహ: వారానికి 10 శాతం పెంచుకుంటూపోతే ఏ దెబ్బా తగలదు.

అది ఒక అంచనా, అంతకంటే గ్యారంటీ ఏమీ లేదు. ప్రతివారం పెంచడం కంటే, ఒక అంకె దగ్గర మూడు వారాలు నిలబడి, నాలుగో వారం తగ్గించి, ఆ తర్వాత పెంచడం నాకు నచ్చిన పద్ధతి. వీలైనప్పుడల్లా తారురోడ్డు వదిలి మట్టిబాట పట్టండి.

అపోహ: ఎండలో పరిగెత్తితే స్టామినా పెరుగుతుంది.

మన ఏప్రిల్, మే ఎండలు 40 డిగ్రీలు దాటతాయి. పొద్దెక్కకముందే ముగించండి. ఆ రెండు నెలలు కిలోమీటర్లు కాదు, నిమిషాలు లెక్కపెట్టుకోండి. వేడికి వేగం ఎలాగూ తగ్గుతుంది.

అపోహ: ఆడపిల్లలకు ఇన్ని కిలోమీటర్లు తగవు.

తగవనడానికి కారణమేమీ లేదు. చూసుకోవాల్సింది తిండి, ఐరన్. సంగటి, పప్పు, చెనిక్కాయలు, గుడ్లు కడుపునిండా తినాలి. నెలసరి ఆగిపోతే "ప్రాక్టీస్ ఎక్కువైంది కదా, మామూలే" అని వదిలేయకూడదు. ఖర్చయినంత శక్తి తిండిలో అందడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. వెంటనే కిలోమీటర్లు తగ్గించి డాక్టర్‌కు చూపించాలి. ఊరికే ఆయాసం, అలసట ఉంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఐరన్ నిల్వలు తెలిపే ఫెర్రిటిన్ కూడా చూడమని అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు.