మలావీ గురించి మీరడిగినదానికి

చిరంజీవులకు ఆశీస్సులు.

అమెరికా సాయం ఆపేస్తే ఆఫ్రికాలోని మలావీ దేశంలో పేదోళ్లు ఏమైపోతారవ్వా అని అడిగారు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

మనమూ అలాంటి సాయం తిన్నవాళ్లమే. 1954లో అమెరికా చేసిన పీఎల్-480 చట్టం కింద మన దేశానికి ఓడల్లో గోధుమలొచ్చేవి. అవి ఆకలి తీర్చిన మాట నిజం. కానీ 1966 కరువులో, మన సేద్యం విధానం మారాలని, వియత్నాం యుద్ధం మీద మనవాళ్ల మాట నచ్చలేదని, అధ్యక్షుడు జాన్సన్ ఓడల్ని నెలనెలా లెక్కబెట్టి వదిలాడు. తిండి మనది, తాళం వాళ్లది.

2000లో పేద ఆడవాళ్ల పొదుపు సంఘాల కోసం వచ్చిన వెలుగు పథకం వేరే రకం. ఇప్పటికీ మన పలమనేరు పక్క ‘వెలుగు ఆఫీసు’ అనే అంటారు, పథకం పేరు ఎన్నిసార్లు మారినా! మొదట తీసుకున్న ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. డబ్బు ప్రపంచ బ్యాంకుది. దానం కాదు, చాలా ఏళ్లకు తీర్చే అప్పు, అదీ ప్రభుత్వం పేరు మీద. ఊళ్లోకొచ్చేసరికి పెత్తనం గ్రామ సమాఖ్యది, అంటే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన కూటమిది. ఎవరికి పాడి ఆవు, ఎవరికి అంగడి పెట్టుబడి అని ఆడవాళ్లే కూర్చుని తీర్మానం రాసేవాళ్లు. కట్టిన వాయిదా సంఘంలోనే ఉండి ఇంకొకరికి అప్పుగా పోయేది. అందుకే ఆ ప్రాజెక్టు ముగిసినా సంఘాలు నిలిచాయి. అంతా బాగుందనను. వాయిదా రోజు టెన్షన్ ఉండేది. గడ్డికి గెనుం (పొలం గట్టు) కూడా లేనివాళ్లు ఆవును తీసుకోవడానికే జంకేవాళ్లు.

మలావీలో అన్నిటికీ ఈ పద్ధతి సరిపోదు. అక్కడ హెచ్‌ఐవీ మందులకు డబ్బు ఎక్కువగా బయటి దేశాలదే. మందు రోజూ పడాలి, సంఘం పొదుపుతో కొనేది కాదు. ధనిక దేశాలు తమ ఆదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి అనుకుంది. ఆ తర్వాత అమెరికా ఏనాడూ అంత ఇవ్వలేదు. 2025లో తన సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌నే మూసేసింది. మలావీ సర్కారు ఆ ఖర్చు తలకెత్తుకోవాలన్నా మందులు, పెట్రోలు డాలర్లిచ్చి కొనాలి. సముద్రం లేని దేశం, ఎగుమతుల్లో పెద్దది పొగాకు. ఆ పొగాకు ధర పడిన ఏడాది సర్కారు చేతిలో డాలర్లూ తగ్గుతాయి, మందుల కొనుగోలూ అక్కడే ఇరుక్కుంటుంది.

మీ అవ్వ