కడబంతికీ బూరెలు మిగలాలి

చి. చిన్నూకి, బుజ్జమ్మకి, మీతో ఆడుకునే పిల్లలందరికీ,

అమలాపురం నుంచి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, అయినా పనసపొట్టు కొట్టడం మానలేదు.

మొన్న ఆదివారం ఫోన్‌లో చిన్నూ ఒక ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ భోజనానికి పిలిచింది, వాడు ఫోన్ పెట్టేశాడు. ప్రశ్న ఇదీ: "తాతయ్యా, మా స్కూల్లో మారియో కార్ట్ అనే బండ్ల పందెం వీడియో గేమ్ టోర్నమెంట్ పెడుతున్నాం. ఎనిమిది టీములు, టీముకి ఇద్దరు. రూల్స్ మమ్మల్నే రాయమన్నారు. ఓడిపోయినవాళ్ళు 'నాట్ ఫెయిర్' అనకుండా ఉండాలంటే ఏం రాయాలి?"

ఓడినవాడు ఏదో ఒకటి అంటాడు నాయనా, అది మానిపించడం ఎవరి తరమూ కాదు. చెడుగుడులో అవుటైనవాడు "నా కూత ఆగలేదు" అనకుండా బయటికి నడిచిన రోజు నాకు గుర్తులేదు. వాడి మాటలో నిజం లేకుండా చూసుకోవడం వరకే మన చేతిలో ఉంది. ఆ పని పోటీ రోజున మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

పోయినసారి పిన్ని పెళ్ళికి వచ్చినప్పుడు మీరు బఫే చూశారు, బంతి భోజనం చూడలేదు. మా చిన్నప్పుడు కోనసీమలో పెళ్ళంటే తాటాకు పందిట్లో చాపలు పరిచి, వరసగా అరిటాకులు వేసేవాళ్ళు. ఒక్కో బంతికి వందమంది కూర్చునేవారు. మా మేనమామ వడ్డనకి పెద్ద. పిల్లకాయలకి ముందు మంచినీళ్ళ పని ఇచ్చేవాడు. అది ఒలకబోయకుండా చేస్తే ఉప్పు, ఆ తర్వాత ఊరగాయ. బూరెల పళ్ళెం దాకా ఎదగాలంటే మీసాలు రావాల్సిందే. నేను ఉప్పు గిన్నె పట్టుకుని వంగి వంగి నడుస్తుంటే, ఆ వరస ఎప్పటికీ అయ్యేది కాదనిపించేది. చివరి ఆకు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ కూర్చున్న ముసలాయన "ఏరా, ఉప్పుకి కూడా కరువేనా?" అనేవాడు.

మావయ్యకి కొన్ని పద్ధతులుండేవి. ఆకులు లెక్కపెట్టకుండా బూరెల పళ్ళెం కదలనిచ్చేవాడు కాదు. కూర ఈ చివర నుంచి మొదలైతే పులుసు ఆ చివర నుంచి మొదలవ్వాలి. సొంత ఇంటివాళ్ళు కూర్చున్న వరసకి ఎవరూ వడ్డించకూడదు. ఆఖరివాడు పెరుగన్నం తినేదాకా మొదటివాడు ఆకు మడవకూడదు. మీ టోర్నమెంట్‌కి ఇంతకంటే మంచి రూల్స్ నాకు తెలియవు. ఎలాగో చెప్తాను.

ముందు ఆకుల లెక్క. మారియో కార్ట్ 8 డీలక్స్ 2017లో వచ్చింది. అందులో బొమ్మ మనుషులు దాదాపు అందరూ మొదటి రోజు నుంచే దొరుకుతారు. బండ్లు, చక్రాలు అలా కాదు, ఆడి నాణేలు పోగేసిన కొద్దీ ఒక్కొక్కటీ తెరుచుకుంటాయి. మీరు ఈ ఆట ఆడే పెట్టెలు, అదే స్విచ్‌లు, రెండు తెస్తున్నారు కదా. ఒకటి రోజూ ఆడే ఇంటి నుంచి, ఇంకొకటి పెట్టెలోంచి నిన్ననే తీసినదీ అయితే, ఒక టీవీ ముందు కూర్చున్నవాడికి కొట్టు నిండా బండ్లు, రెండో టీవీ ముందు కూర్చున్నవాడికి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. అందుకని రెండింటిలోనూ మొదట్నుంచీ ఉండే బండ్లు మాత్రమే వాడాలని రాయండి. ట్రాకులూ అంతే. డబ్బు కట్టి విడిగా కొన్న ట్రాకులు కొందరి ఇళ్ళలోనే ఉంటాయి. అసలు ఆటతో వచ్చిన 48లోంచి ఒక్కో రౌండుకి నాలుగు ఎంచుకుని, వారం ముందే గోడమీద అంటించండి. వేగం 100 సీసీ చాలు. 200 సీసీ పెడితే సగంమంది గోడల్ని గుద్దుకోవడంతోనే సరిపోతుంది.

టీవీ సంగతి కూడా చూసుకోండి. కొన్ని టీవీలు బొమ్మకి మెరుగులు దిద్ది గానీ తెరమీదికి వదలవు. బటన్ నొక్కాక బండి తిరగడానికి కనురెప్ప పాటు ఆలస్యమవుతుంది. మలుపులో ఆ రెప్పపాటు చాలు కాలవలో పడడానికి. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే టీవీ ఆ మెరుగుల పని మానేస్తుంది. రెండు టీవీలకీ పెట్టండి. ఒకదానికి పెట్టి ఒకదానికి మరిచిపోతే అసలు పెట్టకపోవడమే నయం.

కంట్రోలర్లు అందరికీ ఒకే రకం ఉండాలి. ఇంటి నుంచి పెద్దది తెచ్చుకున్నవాడి పక్కన, అరచేతిలో దాక్కునే చిన్నది పట్టుకున్న రెండో క్లాసు పిల్ల కూర్చుంటే చూడ్డానికే బాగుండదు. కొన్నిటిలో బొటనవేలితో తిప్పే పుల్ల వదిలేసినా బండి దానంతటదే పక్కకి పోతుంటుంది. ఆట మొదలుకాక ముందు మెనూ తెరిచి, వేళ్ళు తీసేసి చూడండి. ఎంపిక గడి దానంతటదే కదులుతుంటే ఆ కంట్రోలర్‌ని డ్రాయర్లో పెట్టేయండి.

చిన్న క్లాసులవాళ్ళు స్మార్ట్ స్టీరింగ్ వాడితే అన్యాయమా అని బుజ్జమ్మ వెనక నుంచి అరిచింది, నాకు వినపడింది. కాదమ్మా. అది బండిని దారి తప్పనివ్వదు, నిజమే. దాంతోపాటు గడ్డిలోంచి కోసుకుపోయే కొన్ని అడ్డదారులకి కూడా వెళ్ళనివ్వదు, మలుపులో బండిని జారనిచ్చి డ్రిఫ్ట్ చేసినప్పుడు వచ్చే పెద్ద ఊపునీ ఇవ్వదు. బాగా ఆడేవాడికి దానివల్ల నష్టమే. కావలసినవాళ్ళని పెట్టుకోనివ్వండి. బండి వెనక చిన్న ఏంటెన్నా కనపడుతుంది కాబట్టి దాపరికమూ లేదు.

ఇక అసలు కష్టమైన చోటికి వద్దాం. ఇంట్లో స్విచ్ ఉన్నవాడు ఏడాదిగా ఆడుతున్నాడు, లేనివాడు ఆ రోజే మొదటిసారి పట్టుకుంటాడు. దీన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. మా చిన్నతనంలో దీనికి ఉద్దీలు ఉండేవి. ఆటకి ఇద్దరు నాయకులు. మిగతావాళ్ళలో సరిసమానంగా పరిగెత్తగలిగే ఇద్దరిద్దరు భుజాలమీద చేతులేసుకుని దూరంగా వెళ్ళి, రహస్యంగా పేర్లు పెట్టుకునేవాళ్ళు. వచ్చి "మామిడిపండు కావాలా, సీతాఫలం కావాలా?" అని అడిగితే నాయకుడు ఏదో ఒకటి కోరుకోవాలి. ఎవరు ఏ పండో వాడికి తెలియదు. బలమైనవాళ్ళందర్నీ ఒకడే లాగేసుకోవడానికి వీల్లేదన్నమాట. నేను మావాడు పుల్లయ్య జట్టులో పడాలని ఎన్నోసార్లు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అయినా వాడెప్పుడూ అవతలి జట్టులోనే పడేవాడు, ఎందుకంటే పరుగులో నాకు ఉద్దీ వాడే.

మీరూ అలాగే చేయండి. బాగా ఆడే ఎనిమిది మంది పేర్లు ఒక డబ్బాలో, కొత్తవాళ్ళ పేర్లు ఇంకో డబ్బాలో వేసి, ఇందులో ఒక చీటీ అందులో ఒక చీటీ తీస్తే టీము తయారు. తర్వాత ఒక్కో టీముకి బడిలోనే, అదే టీవీ ముందు, అరగంట ప్రాక్టీస్ ఇవ్వండి. ఆ అరగంటలో పాతవాడు కొత్తవాడికి నేర్పిస్తాడు. నేర్పకపోతే తనకే నష్టం.

రెండో పద్ధతి, కూర ఈ చివర, పులుసు ఆ చివర. ఒక తెరని నాలుగు ముక్కలు చేసి నలుగురు ఆడతారు కదా. కిటికీ వెలుగు ఒక మూల పడుతుంది, సోఫా ఒకవైపు కుంగి ఉంటుంది. బొమ్మా బొరుసూ వేసి చోట్లు ఇవ్వండి. రెండు రేసులయ్యాక అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారాలి.

మూడోది రిఫరీ గురించి. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆడుతున్న పిల్లల అమ్మానాన్నలు ఆ మ్యాచ్‌కి రిఫరీగా ఉండకూడదు. కంట్రోలర్ మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో ముందే కాగితంమీద ఉండాలి. మొదటి ల్యాప్‌లో ఆగితే రేసు మళ్ళీ మొదలు, ఆ తర్వాత ఆగితే అలాగే పూర్తి చేయాలి అని రాసుకోండి. ఇంకోలా రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఎవరికి లాభమో తెలియకముందే రాసి ఉండాలి, అంతే.

ఇక ఆఖరివాడు పెరుగన్నం తినేదాకా ఆకు మడవకూడదన్న సంగతి. ఓడినవాడు ఇంటికి పద్ధతి పెడితే ఎనిమిది టీముల్లో నాలుగు మొదటి రౌండులోనే అవుట్. నాలుగు రేసులంటే పది పన్నెండు నిమిషాలు. దానికోసం వారమంతా ఎదురుచూసిన పిల్ల మిగతా సాయంత్రమంతా చిప్స్ తింటూ కూర్చోవాలి. పోనీ అందరూ అందరితో ఆడాలంటే 28 మ్యాచ్‌లు. మ్యాచ్‌కి పావుగంట చొప్పున, రెండు టీవీలమీద మూడున్నర గంటలు. అప్పటికి ఆకలేసి సగంమంది ఏడుస్తుంటారు.

చదరంగంవాళ్ళు దీనికి మధ్యేమార్గం కనిపెట్టారు. 1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో మొదటిసారి వాడారు కాబట్టి స్విస్ పద్ధతి అంటారు. అందులో ఎవరూ ఇంటికి వెళ్ళరు. మొదటి రౌండుకి చీటీలు తీసి జతలు కడతారు. తర్వాత గెలిచినవాళ్ళకి గెలిచినవాళ్ళతో, ఓడినవాళ్ళకి ఓడినవాళ్ళతో ఆట. ఎనిమిది టీములకి మూడు రౌండ్లు చాలు, గంటన్నరలో ముగుస్తుంది. కాగితంమీద వేసి చూడండి: మూడూ గెలిచిన టీము ఒకటి, రెండు గెలిచినవి మూడు, ఒకటి గెలిచినవి మూడు, ఏదీ గెలవనిది ఒకటే ఒకటి. ఎవరు ఎవర్ని ఓడించినా సరే, చివరికి ఒకటి, మూడు, మూడు, ఒకటే వస్తుంది. ఏడు టీములకి కనీసం ఒక గెలుపు చెప్పుకోవడానికి ఉంటుంది. మ్యాచ్‌లో పాయింట్లు సమానమైతే ఇంకొక్క రేసు పెట్టండి.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2024 డిసెంబర్‌లో మీ దేశంలోనే, న్యూయార్క్‌లో, ర్యాపిడ్ అనే వేగపు చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ పోటీ స్విస్ పద్ధతిలో 11 రౌండ్లు. ఆవిడ మొదటి రౌండు ఓడిపోయింది. ఓడినవాడు ఇంటికి అన్న పద్ధతైతే ఆ రోజే పెట్టె సర్దుకుని విమానం ఎక్కేది. చివరికి ఎనిమిదిన్నర పాయింట్లతో టైటిల్ పట్టుకెళ్ళింది.

ఇంతవరకూ నా బంతి పోలిక బాగానే నడిచింది. ఇక్కడ మీ ఆట దాన్ని తలకిందులు చేస్తుంది. దారిలో ప్రశ్న గుర్తు పెట్టెలుంటాయి కదా, గుద్దితే ఏదో ఒకటి చేతికొస్తుంది. ముందున్నవాడికి చాలాసార్లు అరటితొక్కో, నాణెమో. బాగా వెనకబడ్డవాడికి మాత్రం నక్షత్రం, పిడుగు, బండినే తూటాగా మార్చి ముందుకు విసిరే బుల్లెట్ బిల్. పైగా నీలం గుల్ల ఒకటుంది, అది ఎవరు విసిరినా మొదటి స్థానంలో ఉన్నవాడినే వెతుక్కుంటూ పోతుంది. అంటే ఈ వడ్డించేవాడు కావాలనే కడాకుకి రెండు బూరెలు ఎక్కువేసి, మొదటి ఆకులోది ఒకటి లాక్కుంటున్నాడు. మా మావయ్య చూస్తే ఏమనేవాడో!

ఇది న్యాయమా? ఆ వస్తువులన్నీ ఆపేసే వీలు ఆటలో ఉంది. ఆపేస్తే నేర్పరి ప్రతిసారీ గెలుస్తాడు, కొత్తపిల్ల రెండో ల్యాప్‌కే కంట్రోలర్ కింద పెట్టేస్తుంది. ఉంచితే ఒక్కోసారి గీత ముందు గుల్ల తగిలి నేర్పరి నాలుగోవాడవుతాడు. నేనైతే ఉంచుతాను. ఒక్క రేసుతో తేల్చకుండా నాలుగు రేసుల పాయింట్లు కలుపుతాను. మీ నాలుగు బళ్ళూ, ఆటే నడిపే ఎనిమిదీ కలిసి పన్నెండు బళ్ళ రేసులో మొదటికి 15, రెండోదానికి 12, మూడోదానికి 10, నాలుగోదానికి 9, అలా దిగుతూ ఆఖరుకి 1. ఒక గుల్ల దెబ్బకి పోయేది ఆరు పాయింట్లే అయితే మిగతా మూడు రేసుల్లో రాబట్టుకోవచ్చు. బుజ్జమ్మ ఆపేద్దామంటుందని నాకు తెలుసు. ఇద్దరూ వాదించుకోండి, కొట్టుకోకండి.

వాదించుకునే ముందు ఒక పని చేయండి. ఒకరు ఆడండి, ఇంకొకరు కాగితం, పెన్సిల్ పట్టుకుని పక్కన కూర్చోండి. పెట్టె గుద్దిన ప్రతిసారీ అప్పుడు ఎన్నో స్థానంలో ఉన్నారో ఒక వరసలో, చేతికి ఏమొచ్చిందో పక్క వరసలో రాయండి. ఒకసారి కావాలని వెనకబడి ఆడండి, ఒకసారి ముందుండి ఆడండి. రెండు కాగితాలూ ఫొటో తీసి నాకు పంపితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: కంట్రోలర్లన్నీ ముందురోజు రాత్రే చార్జింగ్ పెట్టండి. అమ్మమ్మ బూరెలు పార్సిల్ చేద్దామంటోంది. అక్కడికి చేరేసరికి ఎలా ఉంటాయోనని నాకు టెన్షన్, అందుకే సున్నుండలకి ఒప్పించాను.