కాలితో నొక్కే స్విచ్ కొనే ముందు

చిరంజీవులు చిన్నీకి, బాబీకి,

తాతయ్య ఆశీస్సులు. గిటార్ ఆంప్‌ని (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెని) కాలితో మార్చుకోవడానికి మీరు తయారుచేస్తున్న స్విచ్ డబ్బా ఫొటో చూశాను. అల్యూమినియం డబ్బా మంచిది ఎంచుకున్నారు. తొక్కినా సొట్ట పడదు, గిటార్ సిగ్నల్‌లోకి హమ్ (కరెంటు గుయ్యిమనే రొద) చొరబడకుండా కూడా ఆపుతుంది. కానీ స్విచ్ మీద ‘250 వోల్టులు, 6 ఆంపియర్లు’ అని చూసి, హెవీ డ్యూటీ కాబట్టి ఇదే బెస్ట్ అని రాశారే, అక్కడ మాత్రం ఒప్పుకోను.

ఆ అంకెలు స్విచ్ ఎంత కరెంటుకి తట్టుకుంటుందో చెబుతాయి. ఎంత సన్న సిగ్నల్‌ని సరిగ్గా దాటించగలదో వాటిని బట్టి తెలియదు. తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ నుంచి వచ్చేది మామూలుగా ఒక వోల్టు కన్నా తక్కువే, కరెంటు అయితే లెక్కలోకి రానంత కొంచెం. ఫ్యాన్ స్విచ్‌లో వెండి కాంటాక్టుల (లోపల ఒకదానికొకటి తగిలే రేకుల) మీద నల్ల పొర పట్టినా, వేసినప్పుడల్లా లోపల వచ్చే చిన్న మెరుపు దాన్ని కాల్చేస్తుంది. గిటార్ సిగ్నల్‌కి అంత సత్తా ఎక్కడిది? కొన్నాళ్లకి గరగర మొదలవుతుంది, ఒక్కోసారి అసలు పలకదు. పైగా మనది విశాఖ. పెదవాల్తేరులో కిటికీ చువ్వలే ఉప్పుగాలికి పెచ్చులు లేస్తుంటాయి, స్విచ్ లోపలి రేకు ఎంత? అందుకే సిగ్నల్ నేరుగా వెళ్లే చోట బంగారు పూత కాంటాక్టులు దొరికితే, నాలుగు డబ్బులు ఎక్కువైనా అవే తీసుకోండి.

ఇక అసలు సంగతి. వైరు అవతలి చివర ఉన్న ఆంప్ మీ కాలి నుంచి ఏం కోరుకుంటోంది? కాలింగ్ బెల్ నొక్కినంతసేపే మోగుతుంది. అలాంటిది మొమెంటరీ. లైటు స్విచ్ వేసిన చోటే నిలబడుతుంది. అది లాచింగ్. ట్యాప్ టెంపోకి, అంటే కాలితో తడుతూ తాళం వేగం చెప్పడానికి, మొమెంటరీ కావాలి. ఆంప్‌లో ఛానెల్ (ఒక రకం ధ్వని నుంచి ఇంకో రకానికి) మార్చడానికి చాలావాటికి లాచింగ్ సరిపోతుంది గానీ అన్నిటికీ కాదు. మాన్యువల్ చూడండి. దొరకకపోతే ‘ఫుట్‌స్విచ్’ అని రాసి ఉన్న జాక్‌లో మామూలు గిటార్ కేబుల్ పెట్టి, రెండో చివర ప్లగ్ కొననీ దాని ఒంటినీ చిన్న వైరు ముక్కతో ఒక క్షణం కలపండి. వైరు తీయగానే పాత ఛానెల్‌కి వచ్చేస్తే లాచింగ్ కొనాలి, మారిన ఛానెల్ అలాగే ఉండిపోతే మొమెంటరీ. స్పీకర్ జాక్‌లో మాత్రం పొరపాటున కూడా ఈ పని చేయకండి, ఆంప్ కాలిపోవచ్చు. బాబీ, ఇది నీకే చెబుతున్నాను.

షాపులో త్రీ పీడీటీ అని తొమ్మిది కాళ్ల స్విచ్ చూపిస్తారు. గిటార్ ధ్వనిని మార్చే పెడల్‌ని పూర్తిగా పక్కకి తప్పించే ట్రూ బైపాస్‌కి అది: ఒక వరస ఇన్‌పుట్‌కి, ఒకటి అవుట్‌పుట్‌కి, మూడోది ఎల్‌ఈడీకి. ఒక్క ఛానెల్ మార్చడానికి రెండు కాళ్ల స్విచ్ చాలు. తొమ్మిది కాళ్లదే కొన్నారనుకోండి, అవి మూడు మూడుగా చతురస్రంలో ఉంటాయి కాబట్టి ఏ కాలు ఏదో తికమక పడొచ్చు. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, మధ్య కాలు ఏ పక్కదానితో కలుస్తోందో, నొక్కాక ఎటు మారుతోందో చూసి, పెన్నుతో గుర్తు పెట్టుకున్నాకే సోల్డర్ చేయండి. ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లు చాలు. ఇంకాసేపు వేడి పెడితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి కాలు ఒరిగిపోతుంది, ఇక ఆ స్విచ్ పని అయిపోయినట్టే.

ఇంకొకటి. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం. టక్కుమనే ఇనుప బొడిపెని ఉత్త పాదంతో పదేపదే నొక్కితే అరికాలు మండుతుంది. మొమెంటరీ అయితే సాఫ్ట్ టచ్ అని చప్పుడు లేనివి ఉంటాయి, చిన్నీకి అవే నయం. కాలేజీ స్టేజీ మీద బూట్లతో తొక్కేటప్పుడు పక్కది కూడా పడిపోకుండా, రెండు స్విచ్‌ల మధ్య కనీసం ఏడు సెంటీమీటర్లు వదలండి. ఇలాంటి స్విచ్‌లలో చాలావాటికి 12 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది, అయినా స్విచ్ చేతికి వచ్చి కొలిచాకే డ్రిల్ పట్టండి.

ముందు ఆంప్ వెనక జాక్‌ల పక్కన ఏం రాసి ఉందో అక్షరాలు కనపడేలా ఫొటో తీసి పంపండి. అది చూసి ఏ స్విచ్ కొనాలో రాస్తాను. అందాకా ఆ ఆరు ఆంపియర్లది అమ్మకి ఇచ్చేయండి, వంటింటి లైటు స్విచ్ పాడైందని మొన్న ఫోన్‌లో అంది.

మీ తాతయ్య