ఏడిళ్లు తిరిగే పిల్లికి ఎనిమిదో ఇల్లెందుకు కష్టం: అపోహలు - వాస్తవాలు

మే నెల వచ్చిందంటే మా పశువుల క్లినిక్‌కి ఒక రకం ఫోన్లు ఎక్కువవుతాయి. "సార్, ఇల్లు మారి నాలుగు రోజులైంది, ముద్ద ముట్టడం లేదు." "మంచం కింద దూరింది, బయటికి రానంటోంది." "రాత్రంతా గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తోంది, పక్క ఫ్లాట్ వాళ్లతో గొడవైపోతోంది." పిల్లల పరీక్షలయ్యాక, ఆషాఢం రాకముందే మారిపోవాలని హైదరాబాద్‌లో అందరికీ ఒకేసారి అనిపిస్తుంది. మనకు కనీసం నెల ముందు నుంచీ తెలుసు. కుక్కకో పిల్లికో మాత్రం ఒక పొద్దున లేచేసరికి సోఫా ఉండదు, ముక్కూ మొహం తెలియని నలుగురు టేపు చింపుకుంటూ ఇంట్లో తిరుగుతుంటారు. పద్దెనిమిదేళ్ల ప్రాక్టీసులో ఈ విషయంలో నేను మళ్లీ మళ్లీ విన్న మాటల్లో కొంప ముంచేవి కొన్ని ఉన్నాయి.

అపోహ: పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది. దానికి ఇల్లు మారడం ఓ లెక్కా?

వాస్తవం: సామెత అబద్ధం కాదు. ఎవరైనా తొంగిచూశారంటే చాలు, తల్లిపిల్లి పిల్లల్ని నోట కరుచుకుని ఇంకోచోటికి పోతుంది. కానీ ఆ ఏడిళ్లూ దాని పేటలోవే. అటక, గడ్డివాము, గోడ సందు, అన్నీ అది ముందే తిరిగి చూసుకున్నవే. ఎప్పుడు కదలాలో, ఎక్కడికి పోవాలో దాని ఇష్టం. మనం మియాపూర్‌లో బుట్టలో కుక్కి కొంపల్లిలో దింపిన పిల్లికి వీటిలో ఒక్కటీ లేదు.

పిల్లి తలుపు అంచుకి, కుర్చీ కాలికి, మీ పిక్కకి బుగ్గ రుద్దుకోవడం చూసే ఉంటారు. గారం పోతోందనుకుంటాం. బుగ్గల్లోని గ్రంథుల వాసన పూసి, ఇది నా చోటే, ఇక్కడ భయం లేదు అని గుర్తు రాసుకుంటోందది. పాత ఇల్లు దాని చేతిరాతతో నిండిన నోటుపుస్తకం. కొత్త ఇల్లు ఖాళీ పుస్తకమైనా కాకపోవచ్చు, ముందు అద్దెకున్న వాళ్ల పిల్లి రాసిపోయినదై ఉండొచ్చు.

అందుకని వెళ్లగానే మూడు పడకగదులూ చూపించకండి. ఒక్క గది ఇవ్వండి. తిండిగిన్నె ఒక మూల, మలమూత్రాలకు వాడే మట్టి ట్రే దానికి దూరంగా ఇంకో మూల. ప్యాకర్స్ వాళ్లు వదిలేసిన అట్టపెట్టె ఒకటి బోర్లించి, పక్కన పిల్లి దూరేంత కన్నం కోయండి. 2014లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కునే పెట్టె ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా గమనించారు. పెట్టె దొరికినవి తొందరగా కుదుటపడ్డాయి. వేలు పోసి మఖ్మల్ పరుపు కొంటే దానిమీద పడుకోకుండా ఆ పరుపు వచ్చిన అట్టపెట్టెలో పడుకుందని నా దగ్గర మొత్తుకున్నవాళ్లున్నారు. పిల్లిదే సరైన తీర్పు.

ఇంకో చిట్కా, దీనికి పైసా ఖర్చు లేదు. పాత ఇంట్లో ఉండగానే, అది తీరిగ్గా పడుకున్నప్పుడు, మెత్తటి నూలుగుడ్డతో బుగ్గలు నిమిరి ఆ గుడ్డని కవర్లో కట్టి ఉంచండి. కొత్త గదిలో తలుపు అంచుకి, మంచం కోడుకి, గోడ మూలలకి పిల్లి ముక్కంత ఎత్తులో దాన్ని రుద్దండి. అది రాకముందే దాని సంతకం అక్కడ ఉంటుంది.

తింటూ, ట్రే వాడుతూ, తనంతట తాను తలుపుకి బుగ్గ రుద్దిన రోజున పక్క గది తెరవండి. కొన్నిటికి రెండు రోజులు, కొన్నిటికి రెండు వారాలు. బయట తిరిగే అలవాటున్న పిల్లినైనా మూడు వారాల లోపు బయటికి వదలొద్దు. బాల్కనీకి పావురాల వల ఉందిగా అని ధీమాగా ఉండకండి. ఆ నైలాన్ వల పావురాల్ని ఆపడానికి కట్టినది. బెదిరిన పిల్లి బరువు మీద పడితే నిలవకపోవచ్చు, కొరికి కన్నం చేసే పిల్లులూ ఉన్నాయి.

అపోహ: గోనెసంచిలో వేసి తీసుకెళ్తే దారి తెలియదు, తిరిగి రాదు.

వాస్తవం: సంచిలో దానికి దొరికేది భయం ఒక్కటే. దారి ఎలా పట్టుకుంటుందో గానీ, రెండు మూడు కిలోమీటర్ల లోపు మారిన ఇళ్ల నుంచి పాత గేటు దగ్గరికి చేరిన కుక్కలనూ పిల్లులనూ నేనే చూశాను. గట్టి క్యారియర్ కొనండి, పది రోజుల ముందే తెరిచి హాల్లో పెట్టండి, అందులోనే తిండి పెట్టండి. మెడపట్టీ మీద కొత్త ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. పాత ఇంటి వాచ్‌మన్‌కీ మీ నంబరు ఇచ్చి రండి.

అపోహ: కొత్త ఇంట్లోకి శుభ్రంగా వెళ్లాలి. ముందురోజు కుక్కకి స్నానం చేయించి, బొంత ఉతికేయాలి.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించేది ఇక్కడే. కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు మనకంటే పదుల రెట్లు ఎక్కువ. మీకు కంపు కొట్టే ఆ బొంత దాని చిరునామా. ఉతికి, ఆరేసి, సెంటు చల్లి ఇచ్చారంటే ఇల్లు పోయింది, చిరునామా కూడా పోయింది. కనీసం ఓ నెల ఆ బొంతని అలాగే ఉండనివ్వండి. మీరు కట్టి విడిచిన పాత లుంగీయో, నైటీయో దానిమీద వేస్తే ఇంకా మంచిది.

శుభ్రం పేరుతో ఇంకో ప్రమాదం ఫినాయిల్. ఖాళీ ఇంటిని నల్ల ఫినాయిల్‌తో కడగడం మనకు అలవాటు. ఫీనాల్ జాతి రసాయనాలను అరిగించే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు. సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరాక లోపలికి వదలండి. కర్పూరం బిళ్లలు వాటికి అందేలా ఉంచకండి, కుక్కకైనా పిల్లికైనా అది విషమే.

అపోహ: ఓ నిద్రమాత్ర వేస్తే ప్రయాణమంతా హాయిగా పడుకుంటుంది.

వాస్తవం: మెడికల్ షాపులో అడిగి అవిల్ అనే అలర్జీ మాత్ర వేసేవాళ్లూ, నాన్నగారి నిద్రమాత్రలో సగం విరిచి పెట్టేవాళ్లూ ఇద్దరూ తగులుతారు. మత్తు వేరు, నెమ్మది వేరు. కొన్ని మందులు ఒంటిని కట్టేస్తాయి గానీ భయాన్ని కట్టేయవు. జంతువు కదలదు, లోపల మాత్రం వణుకుతూనే ఉంటుంది. పైగా మే ఎండలో మత్తులో ఉన్న కుక్క ఒంటివేడిని సరిగ్గా అదుపు చేసుకోలేదు, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇది ప్రాణం మీదికి రావొచ్చు. మత్తిచ్చిన జంతువుల్ని విమానాల్లో సాధారణంగా ఎక్కించుకోరు కూడా. భయాన్నే తగ్గించే మందులు మా దగ్గర ఉన్నాయి. బరువు చూసి, గుండె, కిడ్నీ చూసి ఇస్తాం, అదీ వారం ముందు ఇంట్లో ఒకసారి వేసి చూసుకున్నాకే.

అపోహ: లంఖణం పరమౌషధం. ఆకలేస్తే అదే తింటుంది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకరోజు తినకపోతే నేను కంగారుపడను. పిల్లి విషయంలో ఈ మాట అనకండి. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా బొద్దుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది. పచ్చకామెర్లు వస్తాయి, ఆ తర్వాత ట్యూబుతో తినిపించాల్సి వస్తుంది. ఒక పగలూ రాత్రీ ముద్ద ముట్టకపోతే ఫోన్ చేయండి. అంతవరకూ తిండి మార్చకండి. కొత్త ఇంటితోపాటు కొత్త బ్రాండూ వద్దు.

దీనికంటే తొందరపడాల్సింది మగపిల్లుల విషయం. రెండేళ్ల క్రితం ఒకావిడ ఇల్లు మారిన మూడో రోజు తన పిల్లిని పట్టుకొచ్చారు. "మలబద్ధకం డాక్టర్‌గారూ, ట్రేలో కూర్చుని ముక్కుతోంది, ఆముదం కూడా పట్టాను" అన్నారు. పొట్ట తడిమితే మూత్రాశయం గట్టి నిమ్మకాయలా చేతికి తగిలింది. ముక్కేది విరేచనానికి కాదు, చుక్క మూత్రం రావడం లేదు. కంగారు పడిన మగపిల్లుల్లో మూత్రనాళం మూసుకుపోవడం మాకు కొత్త కాదు. అప్పటికప్పుడు మత్తిచ్చి గొట్టం వేశాం, బతికింది. ఇంకొక రోజు ఆముదం మీద నడిపి ఉంటే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగేది. మగపిల్లి ట్రేలోకి మాటిమాటికీ వెళ్లొస్తూ ట్రే పొడిగా ఉంటే, అది అర్ధరాత్రైనా తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: కొత్త ఇంట్లో కావాలనే కక్షతో ఉచ్చ పోస్తోంది.

వాస్తవం: కక్ష మనుషుల జబ్బు. అది భయంతో పోస్తుంది, లేదా మీకు తెలియని పాత వాసన మీద పోస్తుంది. తిడితే రెండోసారి సోఫా వెనక పోస్తుంది, అంతే తేడా.

అపోహ: భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుంది.

వాస్తవం: కాదు. వచ్చి ఒళ్లో తల పెడితే నిమరండి. రాకపోతే వెంటపడకండి.

అపోహ: లిఫ్ట్ అంటే భయపడుతోంది. రెండుసార్లు లోపలికి ఈడ్చుకెళ్తే అదే సర్దుకుంటుంది.

వాస్తవం: నేల మీది ఇంట్లో పెరిగిన కుక్కని తొమ్మిదో అంతస్తుకి మారిస్తే మొదటి గండం లిఫ్టే. నేల కదులుతుంది, గోడ మూసుకుంటుంది, తెరిచేసరికి వాసన మారిపోయి ఉంటుంది. ఈడ్చుకెళ్తే బిగుసుకుపోయి నిలబడుతుంది, మనం సర్దుకుందనుకుంటాం. పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తోక కాళ్ల మధ్యకి పోవడం చూడండి, సంగతి తెలుస్తుంది. జనం లేని మధ్యాహ్నం పూట లిఫ్ట్ తలుపు తెరిచి ఉంచి, గడప ముందు ఉడికించిన చికెన్ ముక్క వేయండి. మర్నాడు గడప మీద. ఆ మర్నాడు లోపల, తలుపు మూయకుండానే. తర్వాత ఒక్క అంతస్తు. వారం పడుతుంది. ఆ వారం మెట్లెక్కండి, మీకూ మంచిదే.

అపోహ: గృహప్రవేశం రోజు ఆవు ఇంట్లో పేడ వేస్తే శుభం.

వాస్తవం: శుభాశుభాల జోలికి నేను పోను, మా ఇంటికీ ఆవు వచ్చింది. పశువుల డాక్టరుగా చెప్పగలిగింది ఒకటే. బెదిరిన పశువు పేడ వేస్తుంది, మూత్రం పోస్తుంది. తెలియని చోటు, సన్నాయి, హోమం పొగ, చుట్టూ సెల్‌ఫోన్లు, వీటన్నిటికంటే ఎక్కువగా కాలి కింద అద్దంలాంటి టైల్స్. గిట్టకి అక్కడ పట్టు ఉండదు. ఒకసారి ఐదో అంతస్తులో ఒక ఆవు వెనక కాళ్లు రెండూ రెండు పక్కలకి జారి కూలబడింది. తొడ కండరాలు చిరిగితే పశువు మళ్లీ లేవడం కష్టం. అదృష్టం కొద్దీ గోనెలు పరిచి, తోకా నడుమూ పట్టి లేపగలిగాం. పైకి ఎక్కించకుండా కిందే, గేటు దగ్గర పూజ చేసుకోమంటే ఒప్పుకునే పంతుళ్లు బోలెడంతమంది ఉన్నారు, అడగండి. తప్పదంటే తడిపిన గోనెపట్టాలు గుమ్మం నుంచి పరవండి.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఆ రోజు వాటిని తెలిసినవాళ్ల దగ్గరో, పాత ఇంట్లోనో ఉంచండి. పాలు పొంగి, హోమం పొగ పోయి, బంధువులు భోజనాలు చేసి వెళ్లాక, సాయంత్రం చల్లబడ్డాక తీసుకురండి. ఉతకని బొంత ముందు లోపలికి వెళ్లాలి, దాని వెనక అది.