మఠం ఇల్లయిన చోట: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత ఇళ్ళ సర్వేలు చేయడం నా పని. ఒకప్పుడు మఠంగా ఉండి తర్వాత ఇల్లయిన కట్టడాన్ని కొనబోయే మనవాళ్ళు ఫోన్ చేస్తే చివరికి ఇదే అడుగుతారు: "అన్నా, మఠం నాటి గోడల జోలికి వెళ్ళం. తర్వాత కట్టినవి తీసేయొచ్చుగా?"

వద్దు. మా రంగంలో జనాన్ని నిండా ముంచే అపోహ ఇదే.

విల్ట్‌షైర్‌లోని లేకాక్ అబ్బే సంగతి చూడండి. సాలిస్‌బరీ కౌంటెస్ ఈలా, భర్త పోయాక, 1232లో సన్యాసినుల కోసం దీన్ని మొదలుపెట్టించింది. తర్వాత తనే దానికి మఠాధిపతి అయింది. ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ రద్దు చేసినప్పుడు 1539లో ఇదీ మూతపడింది. విలియం షారింగ్టన్ దీన్ని 783 పౌండ్లకు కొన్నాడు. చర్చిని పడగొట్టాడు గానీ, మన మండువా లోగిలిలో ఉండేలాంటి వసారాలను కింద అలాగే వదిలేసి పై అంతస్తులో కాపురం పెట్టాడు. అవి నేటికీ నిలిచింది అందుకే. మూలన ఎనిమిది పలకల బురుజు ఆయన కట్టించిందే. 1750లలో ఒక వారసుడు గోథిక్ హాలు కట్టించాడు. 1830 ప్రాంతంలో ఆ ఇంటి మరో వారసుడు, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన ఫాక్స్ టాల్బట్ దక్షిణం వైపు, చర్చి పోయిన చోట, బయటికి పొడుచుకొచ్చే కిటికీలు పెట్టించాడు.

1835 ఆగస్టులో ఆయన వాటిలో ఒకదానికి ఫొటో తీశాడు. పోస్టల్ స్టాంపంత కాగితం. ఇప్పటికి మిగిలిన కెమెరా నెగటివ్‌లలో అన్నిటికన్నా పాతది అదే. కొత్తగా ఉన్నప్పుడు భూతద్దం పెడితే సుమారు 200 అద్దపు పలకలు లెక్కపెట్టగలిగేవాళ్ళమని దాని పక్కనే రాసుకున్నాడు. "ఇది మఠం నాటిది కాదు" అని ఎవరైనా ఆ కిటికీని ఊడబీకి ఉంటే?

చట్టం లెక్కా అంతే. లిస్టింగ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా ప్రభుత్వం నమోదు చేయడం, ఇల్లు మొత్తానికీ వర్తిస్తుంది, లోపలా బయటా, ఏ కాలం నాటిదైనా సరే. దాని స్వరూపాన్ని మార్చే పని కన్సెంట్ (స్థానిక కౌన్సిల్ అనుమతి) లేకుండా చేస్తే క్రిమినల్ నేరం. శిక్ష పని చేసిన, చేయించిన వాళ్ళకే గానీ, "మళ్ళీ ఉన్నట్టు చేయండి" అనే నోటీసు మాత్రం ఇప్పటి యజమాని పేరునే వస్తుంది. దానికి కాలపరిమితి లేదు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి అదే జరిగింది. పాత యజమాని పై గదిలో ఓక్ చెక్క అడ్డుగోడ తీసేసి హాలు విశాలం చేశాడు. వీళ్ళు కొన్నాక కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే నేల చెక్కల మీద గోడ ఉన్నంత మేరా రంగు మారని చార, చీలలు దిగిన గుంటలు వరసగా కనిపించాయి. ఇల్లు కొన్న అబ్బాయి ముఖం పాలిపోయింది. తప్పు వాళ్ళది కాదు, ఖర్చు మాత్రం వాళ్ళదే. కొనకముందే లాయరు చేత ప్రతి మార్పుకీ కన్సెంట్ కాగితం అడిగించండి. కాగితం లేకపోతే ఆగండి.

రహస్య సొరంగాలు? చాలావరకు మఠం వాళ్ళ మురుగు కాలవలు. సన్యాసినులను చేతిలో చిల్లిగవ్వ లేకుండా గెంటేశారా? లేకాక్ వాళ్ళకు పింఛన్లు ఇచ్చారు.

ఇక శాపం. ఆ గుంటూరు వాళ్ళింట్లోనే పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "దేవుడి మాన్యం తింటే వంశం నిలవదంటారు, నిజమేనా బాబూ?" అంది. పాపం, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదట. లేకాక్ కొన్న షారింగ్టన్ జైలుకు వెళ్ళిన మాట నిజమేనమ్మా, కానీ అది బ్రిస్టల్ టంకశాలలో నాణేల మోసం చేసి దొరికిపోయినందుకు, క్షమాపణ కూడా దొరికింది అని చెప్పాను. ఆయనకు పిల్లల్లేరు. తమ్ముడి కూతురి ద్వారా ఇల్లు టాల్బట్‌లకు వెళ్ళి, 1944లో నేషనల్ ట్రస్ట్‌కు (పాత కట్టడాలను కాపాడే సంస్థ) ఇచ్చేదాకా ఆ వంశంలోనే ఉంది. దాదాపు 400 ఏళ్ళు.

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే దేవుడి పటానికి మేకు కొట్టుకోవచ్చా?" అంది. పాత సున్నపు గోడ, మేకు వద్దమ్మా, విడిగా చెక్క మందిరం పెట్టుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నాను.