దూకిన చిట్టి, వేలాడుతున్న ఫోటో

చిట్టీ, నానీ,

నాని పంపిన రెండు బొమ్మలూ చూశాను. మొదటిది స్పోర్ట్స్ డే నాడు వాడు ఫోన్లో తీసిన ఫోటో. చిట్టి లాంగ్‌జంప్‌లో గాల్లో ఉంది. కాళ్ళు రెండూ ముందుకు చాచింది, జడ వెనక్కి లేచింది, నోరు తెరుచుకునే ఉంది. రెండోది అదే ఫోటో మీద ఏదో పెయింటింగ్ ఫిల్టర్ నొక్కి చేసింది. దాని కింద చిట్టి ప్రశ్న: "తాతయ్యా, ఇది ఆర్ట్ అయినట్టేనా? మరి నేను దూకుతున్నట్టు లేదేంటి? తాడు కట్టి వేలాడదీసినట్టున్నాను!"

ఆ తాడు మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిజమే, వేలాడుతున్నావు. దీనికి ఫోన్లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోబుద్ధి కాక కాగితం తీశాను.

తప్పు ఫిల్టర్‌ది కాదమ్మా, ఫోటోదే. తప్పు అని కూడా అనకూడదు, దాని పనే అది. ఎండ బాగా ఉంటే ఫోన్ కెమెరా సెకనులో వెయ్యో వంతు సేపో, ఇంకా తక్కువసేపో వెలుగుని పట్టుకుంటుంది. నువ్వు గాల్లో ఉన్నది అర సెకను అనుకుందాం. ఆ అర సెకనుని 500 ముక్కలు చేస్తే ఫోటోకి దొరికింది ఒక్క ముక్క. మిగతా 499 అందులో లేవు. లేనివాటిని ఫిల్టర్ ఎక్కడినుంచి తెస్తుంది? ఉన్న ఆ ఒక్క ముక్కకే రంగు పూసి ఇచ్చింది.

ఇక్కడ నా నూనె కాగితం సంగతి చెప్పాలి.

మీ వయసులో నాకు బొమ్మల పిచ్చి. చెయ్యి మాత్రం తిరిగేది కాదు. అందుకని దొంగదారి పట్టాను. తెల్ల కాగితానికి తలకు రాసుకునే నూనె దూదితో అద్దితే అవతల ఉన్నది లీలగా కనిపిస్తుంది. దాన్ని పేపర్లో ఆటల పేజీ మీద పరిచి, పరుగు పందెం వాళ్ళ బొమ్మలు పెన్సిల్‌తో దించేవాణ్ణి. నాన్న ఇంకా చదవని పేపరు మీద నూనె మరకలు పడి వీపు విమానం మోత మోగిన రోజులున్నాయి. అంత కష్టపడి, బట్టల్లో ముడతతో సహా దించినా నా వీరుడు రాయిలా నిలబడేవాడు. చిట్టి బాధే నాదీను.

ఒకరోజు గీత ముదురుగా రావాలని రెండోసారి దిద్దుతుంటే కాగితం జారింది. కాళ్ళకీ వీపుకీ పక్కపక్కనే రెండేసి గీతలు పడ్డాయి. ఏడుపొచ్చి నలిపేయబోతుంటే మా అక్క లాక్కుని చూసి, "ఒరేయ్, వీడు పరిగెడుతున్నాడురా!" అంది. ఇద్దరం గోడకానించి చూశాం. పరిగెడుతున్నాడు! ఆ కాగితం చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది, చివరికి నూనె వాసన ముదిరి బొద్దింకలు తినేశాయి. (నేను జారవిడిచి చేసిన పనిని ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త 1882లోనే కావాలని చేశాడట. కదిలే మనిషిని ఒకే ప్లేటు మీద వరసగా చాలాసార్లు ఫోటో తీశాడు. ఈ సంగతి పెద్దయ్యాక తెలిసి కాస్త కుళ్ళుకున్నాను.)

మీ కంప్యూటర్లో లేయర్ అని ఒకటుంది చూడండి, అది నా నూనె కాగితమే. ఫోటో మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, ఎన్ని కావాలంటే అన్ని పరుచుకోవచ్చు. పైదాన్ని ఎంత పాడుచేసినా అడుగున ఫోటో అలాగే ఉంటుంది, నాన్న చేతి దెబ్బ తప్పుతుంది. ఫోటోషాప్ 1990లో వచ్చినప్పుడు ఈ లేయర్లు లేవు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంటే మొదటి నాలుగేళ్ళూ దాన్ని వాడిన పెద్దవాళ్ళకి నా పాటి కాగితం కూడా లేదన్నమాట! మీరేమీ కొనక్కర్లేదు, గింప్, క్రిటా అని బొమ్మలు దిద్దే ప్రోగ్రాములున్నాయి, రెండూ ఉచితమే. ఇంట్లో అడిగి ఏదో ఒకటి వేయించుకోండి.

ఫోటో తెరవగానే లేయర్‌ని డూప్లికేట్ చేయండి. అసలుది అడుగున పెట్టి తాళం వేసేయండి. తర్వాత ఏం తీసేయాలో చూడండి. నాని తీసిన ఫోటోలో చిట్టి తలలోంచి జెండా కర్ర మొలిచింది. ఎడమ పక్క ఎవరిదో మోచేయి, ఒక్క మోచేయే. కింద నీళ్ళ సీసా. ఇవన్నీ ఉన్నంతసేపు చూసేవాడి కన్ను సీసా దగ్గరికి పోతుంది గానీ జడ దగ్గరికి రాదు. లాసో అని, గీత గీసి కావలసిన భాగాన్ని ఎంచుకునే పనిముట్టు ఉంటుంది, దానితో చిట్టి చుట్టూ నిదానంగా గీత తిప్పి, మిగతాది మాస్క్‌తో మాయం చేయండి.

మాస్క్ అంటే ఏంటని అడుగుతారు. కాగితానికి మొత్తం నూనె రాయకుండా అక్కడక్కడ బొటనవేలితో రాస్తే ఏమవుతుంది? రాసినచోట కిందది కనిపిస్తుంది, రాయనిచోట కనిపించదు. మాస్క్ మీద నల్లరంగు పూస్తే ఆ లేయర్ అక్కడ మాయమై అడుగుది బయటపడుతుంది, తెల్లరంగు పూస్తే లేయర్ తిరిగొస్తుంది. బూడిదరంగు పూస్తే సగం సగం. ఇక్కడికొచ్చేసరికి నా పోలిక కాస్త చిరిగింది. కాగితానికి ఒకసారి రాసిన నూనెని వెనక్కి తీసుకోవడం నావల్ల ఎన్నడూ కాలేదు.

ఇక రంగులు. ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లుంటాయి. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. మెనూలో పోస్టరైజ్ అని ఉంటుంది, దాన్ని 4 దగ్గర పెట్టండి. ఒక్కోదానికి నాలుగే మెట్లు, మొత్తం 64 రంగులకి మించవు. చిట్టి చేతి మీద నీడ మెత్తగా జారిపోకుండా ఒక అంచు దగ్గర ఠక్కున తెగుతుంది. చొక్కా నాలుగు ముక్కల గుడ్డలా అవుతుంది. మొదట చూడగానే ‘ఛీ, పాడైంది’ అనిపిస్తుంది. రెండడుగులు వెనక్కి జరిగి చూడండి.

మీరు నొక్కిన ఆ పెయింటింగ్ ఫిల్టర్ లోపల ఏం చేస్తుందో కూడా చెప్పేస్తాను. ఒక్కో ఫిల్టర్‌ది ఒక్కో పద్ధతి. గింప్‌లో ఆయిలిఫై అని ఉంది, అది ఎన్నికలు పెడుతుంది. ఫోటో అంటే చిన్న చిన్న రంగు చుక్కల కుప్పే కదా, వాటిలో ప్రతి చుక్కా తన చుట్టుపక్కల చుక్కల్ని చూసి, వాటిలో ఎక్కువమందికి ఏ రంగుంటే ఆ రంగు వేసుకుంటుంది. అందుకే బొమ్మలో ముద్దముద్దగా కుంచె పెట్టినట్టు మచ్చలొస్తాయి. మరి కనుపాప సంగతి? అది నాలుగైదు చుక్కలే, చుట్టూ చెంప రంగు వాళ్ళే బోలెడుమంది. ఓడిపోతుంది. నాని పంపిన బొమ్మలో చిట్టికి కళ్ళు లేకపోవడానికి కారణం అదే. మొహానికీ ఇసుకకీ తేడా ఫిల్టర్‌కి తెలియదు, నానికి తెలుసు. కాబట్టి కళ్ళ దగ్గర మాస్క్‌తో ఫిల్టర్‌ని తుడిచేసి, రెప్పల గీత చేత్తో వేయండి.

ఇప్పుడు కాగితం జారవిడుద్దాం. కత్తిరించిన చిట్టి లేయర్‌ని మూడుసార్లు డూప్లికేట్ చేసి, ఆ మూడింటినీ అసలు చిట్టికి అడుగున పెట్టండి. ఒక్కోదాన్ని కొంచెం కొంచెం వెనక్కీ, కొంచెం పైకీ జరపండి. పైకి ఎందుకంటే, కాళ్ళు అలా చాచేసరికి నువ్వు అప్పటికే దిగుతున్నావు, అంతకుముందు ఇంకా ఎత్తులో ఉన్నావు. ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత ముదురుగా కనిపించాలో చెప్పే శాతం, దగ్గరదానికి 60, దాని వెనకదానికి 35, చిట్టచివరిదానికి 15. నాలుగు తలలు కనిపించి బ్రహ్మదేవుడిలా ఉంటే వెనక తలల్ని మాస్క్‌తో తుడిచేయండి, కాళ్ళూ జడా ఉంటే చాలు. ఆ వెనకవాటికే మోషన్ బ్లర్ (కదిలినట్టు ఒక వైపుకి మసకబార్చే ఫిల్టర్) ఇవ్వండి, దాని కోణం నువ్వు వచ్చిన దారి వెంబడే ఉండాలి. ముందున్న చిట్టికి బ్లర్ ముట్టించకండి. మొత్తానికి పూసేస్తే దూకినట్టుండదు, చెయ్యి వణికి తీసినట్టుంటుంది.

"వెనకాల నేను అలా లేను కదా, ఇది అబద్ధం కాదా?" అని చిట్టి అడుగుతుందని నాకు తెలుసు. 1821లో జెరికో అనే చిత్రకారుడు గుర్రపు పందెం వేశాడు, ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో గుర్రాలు ముందుకాళ్ళు ముందుకీ, వెనకకాళ్ళు వెనక్కీ చాచి గాల్లో తేలుతుంటాయి. 1878లో మైబ్రిడ్జ్ అనే ఆయన అమెరికాలో 12 కెమెరాలు వరసగా పెట్టి పరిగెత్తే గుర్రాన్ని తీసి చూపించాడు. నాలుగు కాళ్ళూ నేలను వదిలే మాట నిజమే, కానీ అప్పుడవి చాచి ఉండవు, పొట్ట కింద ముడుచుకుని ఉంటాయి. అంటే జెరికో తప్పు వేశాడు. అయినా ఆ తప్పు గుర్రాలు ఇప్పటికీ దౌడు తీస్తున్నట్టే ఉంటాయి, మైబ్రిడ్జ్ ఫోటోని విడిగా చూస్తే గుర్రం వేలాడుతున్నట్టుంటుంది, అచ్చం చిట్టిలా. ఇది ఎందుకిలా అవుతుందో నేను పూర్తిగా విప్పి చెప్పబోను. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఒక్క మాట మాత్రం పెద్దరికంగా చెబుతాను. బొమ్మలో జెండా కర్ర తీసేయండి, ఇసుక లేపండి, మీ ఇష్టం. కానీ చిట్టి దిగిన చోటుని రెండడుగులు ముందుకు జరిపి, ‘ఇదిగో ఫోటో’ అని ఎవరికీ పంపకండి. బొమ్మని బొమ్మ అనే చెప్పండి. ఇంకెవరో తీసిన ఫోటో వాడితే వాళ్ళనడిగి వాడండి. లేయర్లన్నీ ఉండేలా గింప్ సొంత ఫైలుగా సేవ్ చేయడం మరిచిపోకండి. జేపెగ్ ఒక్కటే దాచుకుంటే కాగితాలన్నీ కలిపి జిగురు పెట్టేసినట్టే.

కంప్యూటర్ ముందు కూర్చునే ముందు ఒక పని చేయండి. రేపు సాయంత్రం మైదానంలో నానిని పరిగెత్తమని, చిట్టీ నువ్వు పక్కన నిలబడి వాడి కాళ్ళనే చూడు. ఫోన్ తీయకు. ఎన్ని కాళ్ళు కనిపించాయో లెక్కపెట్టి నాకు రాయి.

మీ తాతయ్య